ద్రవ్యవేగం - నేల ఖాతా

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం, పూర్తి పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి పడవేసే దానం కాదు, చేసిన సేవకు ఉద్యోగికి దక్కవలసిన హక్కు అని తేల్చింది. ఆ విషయం మీద మాట్లాడడానికి నాకంటే సమర్థులు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందుకే కాబోలు, కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు డి.ఆర్. బకాయిల సంగతీ, మెడికల్ బిల్లుల సంగతీ ఎత్తకుండా ఒక అరగంట ఏదైనా మాట్లాడండి" అన్నారు.

నేను ఎంచుకున్న విషయం ద్రవ్యవేగం. మన కాలేజీ రోజుల్లో మొమెంటమ్ అని చదువుకున్నాం. అది ఎప్పుడు మారకుండా ఉంటుంది, ఎప్పుడు మారుతుంది అన్నదే ఈనాటి నా ప్రసంగం. నవ్వకండి. ఈ వయసులో మనం పడిపోకుండా నిలబడడానికీ దీనికీ దగ్గర సంబంధం ఉంది. ఆ సంబంధం నాకు రెండుసార్లు పడ్డాక గాని బోధపడలేదు.

ముందుగా ఒక మనవి. నేను సైన్సు పండితుణ్ణి కాను. 1967లో పి.యు.సి. ప్యాసయ్యాను. ఇంకా చదవాలని ఉన్నా ఇంటి పరిస్థితులు అనుకూలించలేదు. 1972లో ఖజానా శాఖలో ఎల్.డి.సి.గా చేరి, 2008లో 58 ఏళ్లకు రిటైరయ్యాను. ముప్పై ఆరేళ్లపాటు జమ, ఖర్చు, ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ తప్ప నాకు మరో లోకం తెలియదు. ఈ ప్రసంగంలోనూ ఆ భాషే దొర్లుతుంది. మన్నించాలి.

ఇక నేను పడిన రెండుసార్లు.

మాది కొవ్వూరు దగ్గర గోదావరి ఒడ్డు పల్లె. ఆ రోజుల్లో కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య గోదావరి మీద రైలు వంతెన ఉండేది గాని రోడ్డు వంతెన లేదు. రోడ్డు, రైలు కలిసిన వంతెన 1974లో వచ్చింది. మా ఊళ్లో లంకలోకి పోవాలన్నా, రావాలన్నా నాటుపడవే గతి. 1961లో, నాకు పదకొండేళ్లప్పుడు, పడవ మా రేవుకు చేరుతోంది. పడవవాడు తాడు తీసుకుని గుంజకు కట్టబోతున్నాడు. నాకు తొందర. గట్టు మూరెడు దూరంలో ఉంది కదా అని దూకాను. కాలి కింద పడవ వెనక్కి జారిపోయింది. నేను గట్టు మీద కాకుండా, గట్టుకీ పడవకీ మధ్య నీళ్లలో తేలాను. మా నాన్నగారు జుట్టు పట్టుకుని పైకి లాగారు. "తాడు కట్టిందాకా దిగొద్దని చెప్పలేదా బాబూ!" అని పడవవాడు కేకలేశాడు. ఆ తాడులో ఉన్న ఫిజిక్సు అతనికి తెలుసు. నాకు తెలియలేదు.

రెండోసారి 2022లో. అప్పటికి నాకు డెబ్బై రెండేళ్లు. బస్సు స్టాపు దగ్గరకొచ్చి నెమ్మదించింది. పూర్తిగా ఆగకముందే దిగాను. దిగడం కూడా బస్సు వెనకవైపుకు ముఖం పెట్టి దిగాను. డ్రైవరు ఆపుతూనే ఉన్నాడు, కండక్టరు ఆగమంటూనే ఉన్నాడు. తప్పు పూర్తిగా నాదే. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

ఆ కట్టుతో మంచం మీద ఉన్న రోజుల్లోనే అసలు దెబ్బ తగిలింది. మా మనవరాలు అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. నాకు తోడుగా మంచం పక్కనే కూర్చుని చదువుకునేది. ఒకరోజు, "తాతయ్యా, బంతి కిందపడి పైకి లేస్తుంది కదా, దాని ద్రవ్యవేగం నిత్యంగా ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగింది. నేను పి.యు.సి. పాఠం తలచుకుని, "నియమం నియమమే అమ్మా. సృష్టి మొత్తానికి వర్తించేది బంతికి వర్తించదా? ఉంటుందని రాయి" అన్నాను. కాలేజీ పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. నాలుగు మార్కులది. సున్నా వచ్చింది. ఎర్ర సిరా గీత ఉన్న ఆ కాగితం తెచ్చి నా కట్టు పక్కన పెట్టి, "నువ్వు చెప్పిందే రాశాను తాతయ్యా" అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు. ముప్పై ఆరేళ్లు ఇతరుల బిల్లుల మీద అభ్యంతరాలు రాసినవాణ్ణి. నా లెక్క మీద ఒక పిల్ల చేతికి అభ్యంతరం రావడం మణికట్టుకంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఆమె చదివేది ఇంగ్లీషు మీడియం. నా కోసం అటక మీద నుంచి వాళ్ల నాన్న చదివిన పాత తెలుగు అకాడమీ పుస్తకం దించింది. తెలుగు అకాడమీ ఏర్పడింది 1968లో, నా పి.యు.సి. అయిపోయిన మరుసటి ఏడు. అంటే ఫిజిక్సును తెలుగులో చదవడం నాకు అదే మొదటిసారి. ఎడమచేత్తో పేజీలు తిప్పుకుంటూ మొదటి నుంచీ చదివాను. చదివి తెలుసుకున్నది మీకు చెబుతాను.

ద్రవ్యవేగం అంటే వస్తువు ద్రవ్యరాశిని దాని వేగంతో గుణిస్తే వచ్చేది. 60 కిలోల మనిషి సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతుంటే, 60ని 2తో గుణించి 120 అంటాం. దీని ప్రమాణం పేరు కాస్త పొడుగు గనక నేను అంకె మాత్రమే చెబుతూ పోతాను. ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, దీనికి దిశ ఉంది. తూర్పుకు పోయేదాన్ని జమ అనుకుంటే పడమరకు పోయేది ఖర్చు.

ఇక నియమం. "బయటి నుంచి నికరంగా ఏ బలమూ పని చేయనప్పుడు, ఒక వ్యవస్థలోని వస్తువులన్నిటి మొత్తం ద్రవ్యవేగం మారదు." ఇదే ద్రవ్యవేగ నిత్యత్వ నియమం. నాకు యాభై అయిదేళ్లుగా చివరి సగం మాత్రమే గుర్తుంది. మొదటి సగం మరిచిపోయాను. జి.ఓ.లో "ఈ దిగువ షరతులకు లోబడి" అన్న మాట చదవకుండా బిల్లు పాసు చేసినవాడి పని ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ నియమం చక్కగా నిలిచే చోటు గోలీలాట. మనమందరం ఆడినవాళ్లమే. నేల మీద ఉన్న గోలీని అంతే ఉన్న మరో గోలీతో సూటిగా కొడితే, కొట్టిన గోలీ ఉన్నచోట నిలబడిపోతుంది, దెబ్బ తిన్నది పరుగెడుతుంది. మొదటిదాని ఖాతాలోని నిల్వ మొత్తం రెండోదాని ఖాతాకు బదిలీ అయింది. క్యారమ్స్‌లో స్ట్రైకరు అలా నిలబడిపోదు. అది 15 గ్రాములు, కాయిన్ సుమారు 5 గ్రాములు. స్ట్రైకరు 2 మీటర్ల వేగంతో వచ్చి సూటిగా కొట్టిందనుకోండి. పదిహేను రెళ్లు ముప్పై. చప్పుడూ వేడీ కింద ఏమీ పోలేదనుకుంటే, తరువాత స్ట్రైకరు 1 మీటరు వేగంతో ముందుకే పోతుంది, కాయిన్ 3 మీటర్ల వేగంతో పోతుంది. పదిహేను ఒకట్లు పదిహేను, అయిదు మూళ్లు పదిహేను. కలిపితే ముప్పై. లెక్క సరిపోయింది.

ఇక్కడే మా మనవరాలు నన్ను పట్టుకుంది. "సరే తాతయ్యా, మరి రెండు క్షణాల తరువాత రెండూ ఆగిపోయాయి కదా. ముప్పై ఏమైంది?" అంది. మంచి ప్రశ్న. బోర్డు ఘర్షణ ఆ ముప్పైనీ తినేసింది. బోర్డు బల్ల మీద ఉంది, బల్ల నేల మీద ఉంది. కాబట్టి ఆ ముప్పై నేలలోకి పోయింది. బోరిక్ పౌడరు చల్లితే పోవడం ఆలస్యమవుతుంది, అంతే. మరి ఢీకొన్నప్పుడు లెక్క ఎలా సరిపోయింది? ఢీకొనడం కనురెప్పపాటులో వందోవంతు కూడా పట్టదు. అంత తక్కువ సమయంలో ఘర్షణ లాక్కోగలిగింది ఏమీ ఉండదు. అందుచేత ఢీకొనడానికి సరిగ్గా ముందూ, సరిగ్గా తరువాతా లెక్క చూస్తే నియమం నిలుస్తుంది. ఆగి ఆగి చూస్తే నిలవదు. ఇది మొదటి షరతు: ఏ సమయానికి లెక్క చూస్తున్నాం అన్నది.

ఇక దిశ సంగతి. మా ఆవిడ పూరీ పిండి కలుపుతుంటే రెండు సమానమైన ముద్దలు అడిగి తీసుకున్నాం. ఎదురెదురుగా ఒకే వేగంతో విసిరితే రెండూ అతుక్కుని అక్కడే చతికిలబడతాయి. ద్రవ్యవేగం పోయినట్టు అనిపిస్తుంది. పోలేదు. ఒకటి జమ, ఒకటి ఖర్చు, ముందు నుంచీ మొత్తం సున్నాయే. తరువాతా సున్నాయే. కాని గతిజ శక్తి అనేది ఒకటి ఉంది. దానికి దిశ లేదు, ఖర్చు పక్క లేదు. అది మాత్రం పిండి నలగడానికీ, వేడికీ పోయింది. రెండు వేర్వేరు రిజిస్టర్లన్న మాట. ఒకదాని నిల్వ చూసి ఇంకొకటి తేలలేదని కంగారు పడకూడదు.

ఈ పొరపాటు మనలాంటివాళ్లకే కాదు, మహా మేధావులకూ జరిగింది. ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ 1644లో అచ్చయిన తన గ్రంథంలో ప్రపంచంలోని చలనం మొత్తం మారదని రాశాడు. అయితే దిశను లెక్కలోకి తీసుకోలేదు. అందువల్ల ఢీకొనే వస్తువుల గురించి ఆయన రాసిన సూత్రాలు చాలావరకు తప్పాయి. 1668లో లండన్ రాయల్ సొసైటీ ఈ ఢీకొనడాల సంగతి తేల్చమని వాలిస్, రెన్, హైగెన్స్ అనే ముగ్గురిని కోరింది. వారిలో హైగెన్స్ హాలండ్ దేశస్థుడు. కాలువలో పడవ సాగిపోతూ ఉంటే, పడవలో ఒకడు రెండు బంతుల్ని ఢీకొట్టిస్తున్నాడనీ, గట్టు మీద నుంచి ఇంకొకడు చూస్తున్నాడనీ ఊహించుకుని ఆయన తన సూత్రాలు కట్టాడు. న్యూటన్ గ్రంథం 1687లో వచ్చి ఈ విషయానికి గట్టి పునాది వేసింది. పడవ మీద నుంచి గోదావరిలో పడ్డవాణ్ణి గనక, ఆ పడవ సంగతి చదివినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

ఇప్పుడు నియమం నిలవని చోట్లు చూద్దాం. కొబ్బరిచెట్టు మీద నుంచి కాయ రాలింది. పది మీటర్ల ఎత్తు, కాయ బరువు కిలోన్నర. తొడిమ ఊడినప్పుడు ద్రవ్యవేగం సున్నా. నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు 14 మీటర్లు, ద్రవ్యవేగం 21. ఈ 21 ఎక్కడి నుంచి వచ్చింది? భూమి లాగింది. కాయకు భూమి బయటిది. కాబట్టి కాయ ఒక్కదాని లెక్కలో నియమం నిలవదు. కాయతోపాటు భూమినీ మన రిజిస్టరులోకి ఎక్కిస్తే మాత్రం నిలుస్తుంది. భూమి కాయను కిందికి లాగినంత బలంతోనే కాయ భూమిని పైకి లాగుతుంది. కాయకు కిందికి 21 వస్తే భూమికి పైకి 21 వచ్చింది. మొత్తం సున్నా.

మరి భూమి కదలడం మనకెందుకు తెలియదు? భూమి ద్రవ్యరాశి కిలోల్లో రాయాలంటే 6 వేసి పక్కన 24 సున్నాలు పెట్టాలి. కాయ పది మీటర్లు దిగేలోగా భూమి పైకి వచ్చిన దూరం, దశాంశ బిందువు తరువాత 23 సున్నాలు పెట్టి 25 వేస్తే అన్ని మీటర్లు. ఏ కొలబద్దకూ అందదు. కాని రిజిస్టరులో ఆ పద్దు ఉండి తీరాలి.

మా మనవరాలి బంతి సంగతీ ఇంతే. 200 గ్రాముల బంతి 5 మీటర్ల వేగంతో నేలను తాకితే కిందికి 1. పైకి 4 మీటర్ల వేగంతో లేస్తే 0.8. దిశ తిరగబడింది గనక తేడా 0.2 కాదు, 1.8. ఆ 1.8 నేలకు చేరింది. "బంతి ద్రవ్యవేగం నిత్యమా?" అంటే కాదు. "బంతీ భూమీ కలిపి?" అంటే అవును. ప్రశ్న బంతి గురించి. నేను జవాబు సృష్టి మొత్తం గురించి చెప్పాను. సృష్టికి మార్కులు వేయరు కదా.

ఇది రెండో షరతు: ఎవరి ఖాతా చూస్తున్నాం అన్నది. మనుమలకు పాఠం చెప్పే పెద్దలు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. "నిత్యంగా ఉంటుందా?" అని ఎవరైనా అడిగితే, "ఎవరిది? ఎప్పటి నుంచి ఎప్పటిదాకా?" అని ఎదురు అడగండి.

మూడో షరతు కూడా ఉంది. ఒక దిశలో నిలిచి, ఇంకో దిశలో నిలవకపోవచ్చు. నున్నటి గచ్చు మీద 40 కిలోల బండి సెకనుకు మీటరు వేగంతో దానంతట అదే దొర్లిపోతోంది. పై నుంచి నిట్టనిలువుగా 10 కిలోల ఇసుక బస్తా అందులో పడింది. నిలువు దిశలో బస్తా ద్రవ్యవేగాన్ని చక్రాల ద్వారా నేల తీసుకుంది, అక్కడ నియమం లేదు. అడ్డంగా మాత్రం బయటి బలం లేదు గనక 40 అలాగే ఉంటుంది. ఇప్పుడు బరువు 50. కాబట్టి వేగం 0.8కి తగ్గుతుంది.

ఇక్కడ నేను మళ్లీ బోల్తా పడ్డాను. "ఆ బస్తాకు చిల్లు పడి ఇసుక బండిలో నుంచి కారిపోతుంటే వేగం ఏమవుతుంది తాతయ్యా?" అంది. బరువు తగ్గుతోంది గనక వేగం పెరగాలి అన్నాను. తప్పు. వేగం మారదు. కారిన ప్రతి ఇసుక రేణువూ బండి వేగంతోనే బయటకు పోతుంది, తన వాటా ద్రవ్యవేగం తాను పట్టుకుపోతుంది. బదిలీ అయిన ఉద్యోగి తన సర్వీసు రిజిస్టరుతో సహా వెళ్లిపోయినట్టు. ఉన్నవాళ్ల జీతం దానివల్ల పెరగదు కదా!

కారిపోవడం కాకుండా వెనక్కి గట్టిగా చిమ్మితే అప్పుడు బండి వేగం పెరుగుతుంది. రాకెట్టు పని అదే. 1920లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాబర్ట్ గొడ్డార్డ్ అనే శాస్త్రవేత్తను ఎగతాళి చేసింది. శూన్యంలో నెట్టడానికి గాలే లేనప్పుడు రాకెట్టు ఎలా పోతుందని ఆ పత్రిక వాదన. రాకెట్టు గాలిని నెట్టుకుని పోదు. తన లోపలి వాయువును వెనక్కి చిమ్మి, దాని లెక్క తాను ముందుకు రాసుకుంటుంది. 1969 జులై 16న అపోలో-11 చంద్రుడి వైపు బయలుదేరితే, ఆ మరునాడు ఆ పత్రిక తన పొరపాటుకు సవరణ వేసింది. 49 ఏళ్ల తరువాత! మన బకాయిలు కూడా అంత ఆలస్యం కాలేదు. గొడ్డార్డ్ 1945లోనే కాలం చేశాడు. మన శ్రీహరికోట నుంచి 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకుపోయిన రాకెట్టు సుమారు 640 టన్నులు. అందులో అధిక భాగం వెనక్కి చిమ్మడానికి ఉంచుకున్న ఇంధనమే.

ఇప్పుడు మా రేవుకు వస్తాను. నా బరువు అప్పుడు 30 కిలోలు, పడవ ఒక 90 కిలోలు అనుకోండి. తాడు కట్టలేదు. నేను ముందుకు 1.5 మీటర్ల వేగంతో దూకితే నా ఖాతాలో 45. కాబట్టి పడవ ఖాతాలో వెనక్కి 45, అంటే సెకనుకు అర మీటరు వేగంతో వెనక్కి జరిగింది. నీటి అడ్డు ఉంటుంది గాని ఆ క్షణంలో అది లెక్కలోకి రాదు. నా కాళ్ల బలంలో కొంత పడవను వెనక్కి తన్నడానికే పోయింది. నేను గట్టు చేరలేదు. అదే తాడు కట్టి ఉంటే? పడవ వెనక్కి జరగబోతే తాడు పట్టి ఆపుతుంది. ఆ 45 తాడు గుండా గుంజకు, గుంజ గుండా నేలకు పోతుంది. పడవా నేనూ కలిసిన లెక్కలో అప్పుడు నియమం నిలవదు. నిలవకపోవడం వల్లనే నేను క్షేమంగా గట్టు మీద ఉంటాను.

అయ్యా, ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. నియమం నిలవడం గొప్ప, నిలవకపోవడం లోపం అని అనుకుంటాం. కాని మన రోజువారీ బతుకంతా నియమం నిలవకపోవడం మీదే నడుస్తోంది. కుర్చీలో నుంచి లేచి నాలుగడుగులు వేయడమే చూడండి. కూర్చున్నప్పుడు ద్రవ్యవేగం సున్నా. నడుస్తున్నప్పుడు 60 కిలోలకు మీటరు వేగంతో 60. ఆ 60 నేల ఇచ్చింది. మనం పాదంతో నేలను వెనక్కి నెడితే అది మనల్ని ముందుకు నెట్టింది. ఆగినప్పుడు మళ్లీ తీసేసుకుంది. పుట్టి మొదటి అడుగు వేసిన దగ్గర నుంచీ ఈ ఇచ్చిపుచ్చుకోవడం నడుస్తూనే ఉంది. ఇచ్చినందుకు రసీదు లేదు, తీసుకున్నందుకు నోటీసు లేదు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి మధ్యవర్తి ఘర్షణ. ఆ మధ్యవర్తి సెలవు పెట్టే చోటు మన ఇళ్లలోనే ఒకటుంది. సబ్బు నీళ్లు పడ్డ బాత్‌రూము. అక్కడ అడుగు వేస్తే, మీ నడకలోని ద్రవ్యవేగాన్ని తీసుకోవడానికి నేల ఒప్పుకోదు. అడ్డంగా బయటి బలం లేదు. నియమం పుస్తకంలో రాసినట్టు దాదాపు అక్షరాలా అమలవుతుంది. కాళ్లు ముందుకు జారిపోతాయి, నడుము వెనక్కి వాలుతుంది. తరువాత భూమి కిందికి లాగే పని ఎలాగూ మానదు. మన వయసువాళ్లకు తుంటి ఎముక విరిగితే ఎన్ని నెలలు మంచం పడతామో, ఇంటిల్లిపాదీ ఎంత అవస్థ పడతారో ఈ సభలో తెలియనివారు లేరు. ద్రవ్యవేగ నిత్యత్వాన్ని మనం స్వయంగా పరీక్షించి చూడవలసిన అవసరం లేదు.

ఇక బస్సు. బస్సు మనిషి నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో, సెకనుకు 2 మీటర్లతో పోతోంది. నాది 60 కిలోలు. మెట్టు మీద నుంచి దిగే నాటికి నా ఖాతాలో 120 ఉంది. దిగి నిలబడాలంటే ఆ 120 నేలకు కట్టి తీరాలి. మాఫీ లేదు. అయితే వాయిదాల్లో కట్టవచ్చు, ఒక్కసారిగానూ కట్టవచ్చు. బస్సు పోయే వైపుకు ముఖం పెట్టి, నాలుగడుగులు దాంతోపాటే పరుగెత్తి రెండు సెకన్లలో ఆగితే, సగటున ఆరు కిలోల బరువు మోపినంత బలంతో సరిపోతుంది. అది కుర్రవాళ్ల పని. నేను వెనక్కి తిరిగి దిగాను. నేల నా పాదాలను పట్టుకుంది. పైశరీరం బస్సు వేగంతోనే వెళ్లిపోయింది. వెనక్కి అడుగు వేయడానికి మోకాలు అటు వంగదు. వాయిదాలు కట్టే దారి లేదు. సెకనులో పదో వంతులో 120 కట్టాలంటే 120 కిలోల బరువు మోపినంత బలం కావాలి. ఆ మొత్తం నా మణికట్టు కట్టింది.

క్రికెట్‌లో క్యాచి పట్టేవాడు చేతులు వెనక్కి లాక్కుంటూ పట్టేది ఈ వాయిదాల కోసమే. హెల్మెట్ లోపల మెత్తటి పొర నలిగేది ఇందుకే. కారులో సీటు బెల్టు కాస్త సాగి పట్టుకునేదీ ఇందుకే. కట్టవలసిన మొత్తాన్ని ఇవేవీ తగ్గించవు. గడువు పెంచుతాయి. గడువు పెరిగితే ఎముక బతుకుతుంది. మన అబ్బాయిలూ అమ్మాయిలూ స్కూటర్ల మీద వెళ్లేటప్పుడు ఈ మాట చెప్పండి. "జాగ్రత్త" అని ఊరికే అంటే వినరు గాని, లెక్క చెబితే ఒకోసారి వింటారు.

"చివర్లో కొంచెం వేదాంతం జోడించండి, బాగుంటుంది" అని కార్యదర్శి గారు సలహా ఇచ్చారు. జోడించను. మనుషుల మధ్య ఏది పోతుందో, ఏది మిగులుతుందో చెప్పేటంతటివాణ్ణి కాను. గోలీకీ, కొబ్బరికాయకీ, పడవకీ సంబంధించినంతవరకే నా పూచీ.

కట్టు విప్పిన తరువాత మా ఇంట్లో జరిగిన మార్పులు మూడు. బాత్‌రూములో గరుకు రబ్బరు చాప వేశాం. గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించాం. మీ ప్రసంగం మొత్తంలో నాకు పనికొచ్చింది ఈ రెండే అని మా ఆవిడ ఇందాక బయలుదేరేముందు కూడా అంది. మూడోది, నేను బస్సు పూర్తిగా ఆగి, చక్రం కదలడం లేదని చూసుకున్నాక గాని సీటులో నుంచి లేవడం లేదు. "తాతగారూ, త్వరగా దిగండి" అని వెనక నుంచి ఎవరైనా తొందర పెడితే, "పడవకు ఇంకా తాడు కట్టలేదు బాబూ" అంటాను. వాళ్లకు అర్థం కాదు. ఫరవాలేదు.

తరువాతి పరీక్షలో మా మనవరాలికి మళ్లీ అలాంటి ప్రశ్నే వచ్చింది. ఈసారి రాలిన కాయ గురించి. జవాబు కాగితం తెచ్చి చూపించింది. మొదటి వాక్యం, "కాయ ఒక్కదాని విషయంలో కాదు, కాయనూ భూమినీ కలిపి తీసుకుంటే అవును." నాలుగుకు మూడు మార్కులు. ప్రమాణాలు రాయడం మరిచిపోయిందట. అది కూడా నా దగ్గర నేర్చుకున్నదే. మీరూ గమనించే ఉంటారు, ఈ అరగంటలో నేను ఒక్కసారి కూడా ద్రవ్యవేగానికి ప్రమాణం చెప్పలేదు. కిలోగ్రాము-మీటరు ప్రతి సెకనుకు. చెప్పేశాను. ఇంటికి వెళ్లాక ఆ ఒక్క మార్కు బాకీ కూడా తీరిందని ఆమెకు చెప్పాలి.

 మెట్లు దిగేటప్పుడు కడ్డీ పట్టుకుని దిగవలసిందిగా మనవి. సెలవు.